128 కిలోలు ఉన్నాను, ఆఫీసుకి సైకిల్ మీద వెళ్లొచ్చా?

లింగంపల్లి_లోకల్

అందరికీ నమస్తే. నా వయసు 38, ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు, బరువు 128 కిలోలు. ఇల్లు లింగంపల్లి స్టేషన్ దగ్గర, ఆఫీసు గచ్చిబౌలిలో. పాత బొంబాయి రోడ్డు పట్టుకుని సెంట్రల్ యూనివర్సిటీ మీదుగా వెళ్తే ఒకవైపు దాదాపు 8 కిలోమీటర్లు. ఇప్పుడు కారులో వెళ్తున్నాను. ట్రాఫిక్ ఉన్న రోజు ఆ కాస్త దూరానికే ముప్పావు గంట స్టీరింగ్ పట్టుకుని కూర్చోవాల్సి వస్తోంది.

బీపీకి మాత్ర వేసుకుంటున్నాను. షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు. జిమ్ మీద నాకు ఆసక్తి లేదు. ఎలాగూ రోజూ ఆఫీసుకి వెళ్లక తప్పదు, ఆ వెళ్లడమే వ్యాయామం అయితే మానేయడానికి సాకు దొరకదని నా ఆలోచన.

అసలు సైకిల్ నా బరువు మోస్తుందా? షోరూంలో కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి "సార్, మీకు ట్రెడ్‌మిల్ బెటర్" అన్నాడు. మోకాళ్ల సంగతేంటి? చెమటతో మీటింగులో ఎలా కూర్చోవాలి? ఇంకొకటి, రోడ్డు మీద జనం చూసే చూపు. ఆ చూపు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. దాని గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పండి.

బందరుకాలువ

తమ్ముడూ, నిస్సందేహంగా వెళ్లొచ్చు. నేను మొదలుపెట్టినప్పుడు 119 ఉన్నాను, నలభై దాటిన వయసు. పటమట నుంచి గవర్నరుపేటకు వెళ్తాను. మా విజయవాడ చదును నేల. ఎక్కాల్సి వస్తే ఫ్లైఓవరో, కాలవ మీద వంతెనో, అంతే. అది నాకు కలిసొచ్చింది. మీ రోడ్డులో ఎత్తుపల్లాలున్నాయి కాబట్టి నాతో పోల్చుకోకండి.

మొదట ఆఫీసు సంగతి పక్కన పెట్టండి. పాల ప్యాకెట్టుకీ కూరగాయలకీ సైకిల్ మీద వెళ్లండి. ఎక్కడం, దిగడం, సిగ్నల్ దగ్గర ఒక కాలు కింద ఆన్చి నిలబడడం, చెయ్యి చూపించి మలుపు తిరగడం, ఇవన్నీ మళ్లీ ఒంటికి పట్టాలి. వెనక్కి తిరిగి చూస్తే హ్యాండిల్ కూడా అటే లాగుతుంది. అది ట్రాఫిక్‌లో కాదు, మీ వీధిలోనే అలవాటు కావాలి. తర్వాత ఒక ఆదివారం పొద్దున్నే ఆఫీసు దాకా వెళ్లి రండి.

ఆఫీసుకి మొదలుపెట్టాక రోజుకి ఒకవైపే తొక్కండి. పొద్దున సైకిల్ మీద వెళ్లి, దాన్ని అక్కడే తాళం వేసి, సాయంత్రం బస్సులో రండి. మర్నాడు బస్సులో వెళ్లి సైకిల్ మీద తిరిగి రండి. కాళ్లకి విశ్రాంతి దొరుకుతుంది, అలవాటు తెగదు. మొదటి రోజే రెండువైపులా తొక్కి, ఒళ్లు నొప్పులతో వారం పడుకుని, ఆ తర్వాత సైకిల్‌ని బాల్కనీలో బట్టలారేసుకోవడానికి వదిలేసినవాళ్లు మా ఆఫీసులోనే ఉన్నారు.

జనం సంగతి. చూస్తారు. ఆటోలోంచి కుర్రాళ్లు "బాబాయ్, సైకిల్ పాపం!" అని అరిచారు. నాకు ఆ రోజంతా మనసు బాగోలేదు. కానీ రోజూ అదే దారిలో అదే టైముకి వెళ్తుంటే టీకొట్టతను, స్కూలు ముందు నిలబడే కానిస్టేబులు పలకరించడం మొదలుపెట్టారు. ఒక వారం నేను కనపడకపోతే "ఏం సార్, ఒంట్లో బాలేదా?" అని అడిగారు.

తెనాలి_రిమ్ము

మాది సైకిల్ షాపు, నాన్నగారి తర్వాత నేను చూసుకుంటున్నాను. సైకిల్ మోస్తుందా అన్నారు కదా, దానికి జవాబు వెనక చక్రంలో ఉంది. మంచి స్టీలు ఫ్రేమో అల్యూమినియం ఫ్రేమో మీ బరువుకి విరగడం చాలా అరుదు. ముందు దెబ్బతినేది వెనక స్పోకులే. నిటారుగా కూర్చుని తొక్కేవాళ్ల బరువులో సగం కంటే బాగా ఎక్కువ వెనక చక్రం మీదే పడుతుంది.

స్పోకు ఒక్కసారి బరువు పడి విరగదు. చక్రం తిరిగే ప్రతిసారీ కింద భాగానికి వచ్చిన స్పోకు కాస్త వదులై, పైకి వెళ్లగానే మళ్లీ బిగుస్తుంది. వంచిన తీగ తెగినట్టు లక్షలసార్లు అలా జరిగి జరిగి చివరికి హబ్బు (చక్రం మధ్యలో ఇరుసు చుట్టూ తిరిగే భాగం) దగ్గర మెడ భాగంలో తెగుతుంది. స్పోకులు వదులుగా ఉంటే ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. అందుకే బరువున్నవాళ్లకి స్పోకులు ఎక్కువ ఉండాలి, అన్నీ సమానంగా బిగి ఉండాలి. వెనక 36 స్పోకులు ఉన్న చక్రం అడగండి, కనీసం 32. రిమ్ము డబుల్ వాల్, అంటే రెండు పొరలది, ఉండాలి. స్టైలు కోసం 24, 20 స్పోకులతో వచ్చే చక్రాల జోలికి వెళ్లొద్దు.

కొన్నాక ఇంట్లో ఇలా చూసుకోండి. సైకిల్ తలకిందులుగా పెట్టి, ఒకేవైపు ఉన్న స్పోకుల్ని వరసగా గోటితో మీటండి. అన్నీ దాదాపు ఒకే శబ్దం ఇవ్వాలి. ఒకటి టింగుమని, పక్కది చప్పగా మోగిందంటే అది వదులైనట్టే. గేర్ల వైపు స్పోకులు అవతలి వైపు వాటికంటే బిగువుగా ఉంటాయి, కాబట్టి రెండు వైపులనీ కలిపి పోల్చకండి. కొత్త చక్రం మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లలో కాస్త సర్దుకుంటుంది. అప్పుడు తెలిసిన మెకానిక్ చేత ఒకసారి బిగి సరిచేయించి, వంకర తీయించండి. ఈ ఒక్క పని చేయించుకుంటే ఏళ్ల తరబడి ఇబ్బంది ఉండదు.

ఇంకో సంగతి, దీన్ని షోరూముల్లో ఎవరూ చెప్పరు. చవక గేరు సైకిళ్లలో గేరు పళ్ల సెట్టుని హబ్బుకి మర తిప్పినట్టు తిప్పి బిగించే ఫ్రీవీల్ రకం ఉంటుంది. అందులో కుడివైపు బేరింగు బాగా లోపలికి ఉండి, ఇరుసు కొస ఊతం లేకుండా బయటికి వేలాడుతుంది. బరువుకి ఆ ఇరుసు వంగుతుంది, కొన్నిసార్లు విరుగుతుంది. గేరు పళ్లని గాడుల్లోకి తొడిగే క్యాసెట్ హబ్బులో బేరింగు చివరికంటా ఉంటుంది కాబట్టి ఆ సమస్య తక్కువ. అడిగి మరీ క్యాసెట్ ఉన్నదే తీసుకోండి.

ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు చవక సస్పెన్షన్ (స్ప్రింగు) రకం వద్దు. బరువుకి అది పూర్తిగా కిందకి దిగి కూర్చుంటుంది, మీ శక్తిలో కొంత అది తినేస్తుంది. మామూలు ఫోర్కు, వెడల్పు టైర్లు చాలు. టైరు పక్కన గాలి ఎంత కొట్టొచ్చో అచ్చు వేసి ఉంటుంది. మీ బరువుకి ఆ గరిష్ఠానికి దగ్గరగా కొట్టించండి. వేలితో నొక్కి "సరిపోద్ది సార్" అంటే ఒప్పుకోవద్దు, గేజీ పెట్టమనండి. గాలి తక్కువుంటే గుంతలో పడ్డప్పుడు ట్యూబు రిమ్ముకీ రోడ్డుకీ మధ్య నలిగి ఒకేచోట రెండు చిల్లులు పడతాయి.

మాన్యువల్లో బరువు హద్దు తప్పకుండా చదవండి. చాలావాటిలో 100 నుంచి 120 కిలోల దాకా రాసి ఉంటుంది. అది మనిషి ఒక్కడిదా, సైకిలూ సంచీ కలిపా అన్నది కూడా చూడండి. ఎక్కువ బరువుకి రాసినది దొరికితే అదే కొనండి.

నిదానమే

మా నాన్న తొక్కిన నల్ల సైకిల్ గురించి ఎవరూ చెప్పలేదే? వెనక 40 స్పోకులు, 28 అంగుళాల చక్రాలు. రెండు గ్యాస్ సిలిండర్లు కట్టుకుని వెళ్లేవాళ్లని చూశాం కదా. నిండు సిలిండరు ఒక్కోటి 30 కిలోలు ఉంటుంది. అది మోయని బరువు ఏముంది? ధర కూడా తక్కువే.

అయితే నా అసలు మాట వేరు. పాత బొంబాయి రోడ్డు పొద్దున తొమ్మిదికి కొత్తవాళ్లు తొక్కే రోడ్డు కాదు. కంపెనీ బస్సులు, క్యాబులు, మధ్యలో ఎదురొచ్చే బైకులు. ఆరోగ్యం కోసం వెళ్లి ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు. ముందు కొంత బరువు తగ్గి, అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సైకిల్ ట్రాక్ మీద తొక్కి, తర్వాత ఆఫీసు గురించి ఆలోచించండి.

తెనాలి_రిమ్ము

నల్ల సైకిల్ అంటే నాకూ ప్రాణం, మా బతుకు దాని మీదే గడిచింది. చక్రాల విషయంలో మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ రాడ్ బ్రేకులు నిగనిగలాడే స్టీలు రిమ్ముని పట్టుకుంటాయి, వానలో తడిస్తే జారిపోతాయి. 128 కిలోల మనిషికి బ్రేకు పడకపోతే ఎలా? పైగా ఒకటే గేరు, సైకిలే 20 కిలోల పైన. విజయవాడలో, తెనాలిలో అయితే కళ్లు మూసుకుని కొనమంటాను. హైదరాబాద్ ఎత్తులకి నేను చెప్పను.

ఫిజియో_వరంగల్

ముందు బరువు తగ్గి తర్వాత తొక్కమనడం నాకు నచ్చలేదండీ. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఆ "తర్వాత" రానివాళ్లే ఎక్కువ. నడకలోనూ పరుగులోనూ ఒంటి బరువంతా మోకాలి మీద పడుతుంది. సైకిల్ మీద చాలా భాగం సీటు మోస్తుంది. అందుకే బరువున్నవాళ్లకి మేమే సైకిల్ సూచిస్తాం.

కానీ మొదలుపెట్టే ముందు డాక్టర్‌ని కలవండి, వాయిదా వేయొద్దు. బీపీ చూపించుకోండి, 180/110 దగ్గర ఉంటే ముందు దాన్ని దించాలి. ఈసీజీ, అవసరమైతే ట్రెడ్‌మిల్ టెస్టు ఆయన రాస్తారు. మీ బీపీ మాత్ర ఏ రకమో అడగండి. మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే రకమైతే ఎండలో ఒంట్లో నీరు త్వరగా తగ్గుతుంది. గుండె వేగం తగ్గించే రకమైతే వాచీలో కనిపించే అంకెని నమ్ముకోలేం. అప్పుడు మాటే కొలత. తొక్కుతూ పూర్తి వాక్యం మాట్లాడగలిగితే వేగం సరైనదే. ఆయాసంతో మాట తెగుతుంటే తగ్గించండి. ఛాతీలో బిగింపు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, కళ్లు తిరగడం, వీటిలో ఏది వచ్చినా దిగిపోయి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. "గ్యాసేమో" అని సర్దిచెప్పుకోవద్దు.

ఇది చదివే షుగర్ ఉన్నవాళ్లకి ఒక మాట. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటివి వాడుతుంటే తొక్కేటప్పుడు షుగర్ పడిపోవచ్చు. జేబులో గ్లూకోజు గానీ చక్కెర పొట్లం గానీ ఉంచుకోండి. రాత్రి గట్టిగా గురక పెట్టి పగలు కునుకు తీసేవాళ్లు ఆ విషయం కూడా డాక్టర్‌తో చెప్పాలి. నిద్రమత్తుతో రోడ్డెక్కకూడదు.

మోకాలి నొప్పికి చాలాసార్లు కారణం సీటు ఎత్తే. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా ఉండాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. సీటు కిందికుంటే మోకాలి ముందు నొప్పి, మరీ పైకుంటే వెనక నొప్పి. కొత్తలో పడిపోతామన్న భయంతో అందరూ సీటు దించేస్తారు. ఆ కొన్నాళ్లు పర్లేదు, అలవాటయ్యాక పెంచండి. బరువు గేరులో బలంగా నొక్కడం కంటే తేలిక గేరులో కాళ్లు త్వరత్వరగా తిప్పడం మోకాళ్లకి మంచిది.

సాగరతీరం

నేను వైజాగ్ నుంచి, 104 కిలోలతో మొదలుపెట్టాను. అన్నలు ఎవరూ చెప్పనివి చెప్తాను.

ముందుకి వంగి తొక్కే సైకిల్ కొనకండి. వంగినప్పుడు తొడ పైకి లేచి ప్రతిసారీ పొట్టకి తగులుతుంది, ఊపిరి ఆడదు. మనకి స్టామినా లేదేమో అనుకుంటాం, నిజానికి ఊపిరికి చోటు లేదు. హ్యాండిల్ సీటు కంటే పైకి ఉండాలి. షాపులో స్టెమ్ (హ్యాండిల్‌ని పట్టి ఉంచే ముక్క) మార్చమంటే మారుస్తారు. మధ్య బారు కిందికి ఉండే ఫ్రేము తీసుకుంటే ఎక్కడం దిగడం సగం కష్టం తగ్గుతుంది. దాన్ని లేడీస్ సైకిల్ అంటారు, మగవాళ్లు కూడా హాయిగా తొక్కొచ్చు.

తొడలు ఒరుసుకుని మంట పుట్టడం. దీనివల్ల మానేసినవాళ్లు నాకు తెలుసు. ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్స్ వేసుకోండి, లోపల ఇంకేమీ వేసుకోకూడదు. పైన వదులు ప్యాంటు వేసుకుంటే ఎవరికీ తెలియదు. జీన్స్ కుట్టు కోసేస్తుంది. ఒరుసుకునే చోట ముందే వాజిలిన్ రాయండి. ఆఫీసుకి వెళ్లగానే షార్ట్స్ మార్చి తడి తుడుచుకోండి, లేకపోతే గజ్జల్లో తామర వస్తుంది. దిండులా మెత్తటి సీటు చూసి మోసపోవద్దు. అందులోకి దిగబడిపోయి గంటకల్లా తిమ్మిరెక్కుతుంది. కూర్చునే ఎముకలు ఆనేంత వెడల్పుండి, కాస్త గట్టిగా ఉన్నది మేలు. చుడీదార్ వేసుకునే అక్కలు చున్నీ బ్యాగులో పెట్టుకోండి, చైన్ గార్డు తప్పనిసరి.

చెమటకి నా పద్ధతి: సోమవారం వారానికి సరిపడా బట్టలు ఆఫీసులో పెట్టేస్తాను. పావుగంట ముందే చేరి ఫ్యాన్ కింద కూర్చుంటాను. చెమట ఆరాకే తడి తువ్వాలుతో తుడుచుకుని బట్టలు మార్చుకుంటాను. ఆరకముందే మారిస్తే కొత్త చొక్కా కూడా తడిసిపోతుంది.

ఎత్తు వస్తే దిగి నడిపించుకుంటూ వెళ్లండి. సిరిపురం వైపు ఎక్కడానికి నేను చాలాకాలం అలాగే చేశాను.

లింగంపల్లి_లోకల్

అందరికీ చాలా థాంక్స్. సాగరతీరం అక్కా, ఊపిరికి చోటు లేదన్నది చదివి ఆగిపోయాను. స్నేహితుడి సైకిల్ తొక్కినప్పుడు నాకు జరిగింది అచ్చంగా అదే.

డాక్టర్ ఈసీజీ, టెస్టు రెండూ చేయించి, సరేనన్నారు. ఇంకో సందేహం. బ్యాటరీ సైకిల్ తీసుకుంటే మోసం చేసినట్టా?

ఐండ్‌హోవెన్_నుంచి

మోసం ఏమీ లేదు బ్రదర్. నేను నెదర్లాండ్స్‌లో ఉంటాను. ఇక్కడ ఎదురుగాలి కొండ ఎక్కినంత పని చేయిస్తుంది. నా పక్కింటి పెద్దాయన మీ అంత మనిషి, రోజూ బ్యాటరీ సైకిల్ మీదే పనికి వెళ్తాడు. ఇక్కడ ఎవరూ దాన్ని వ్యాయామం అనుకోరు, పనికి వెళ్లే మార్గం అనుకుంటారు, అంతే. పెడల్ తొక్కితేనే మోటారు సాయం చేసే రకం తీసుకోండి. యాక్సిలరేటర్ తిప్పితే పోయే రకమైతే కాళ్లకి పని ఉండదు.

ఇండియాలో 250 వాట్ల లోపు, గంటకి 25 కిలోమీటర్ల లోపు వేగం ఉన్నదానికి లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. బ్యాటరీ, మోటారు బరువు అదనం, కాబట్టి తెనాలి గారు చెప్పిన చక్రం మాట దీనికి ఇంకా ఎక్కువ వర్తిస్తుంది.

నిదానమే

నా మాట ఎవరూ పట్టించుకోలేదు, పర్లేదు. కానీ రోడ్డు సంగతి నేను వదలను. లింగంపల్లి రైల్వే అండర్‌బ్రిడ్జి కింద వాన పడితే నీళ్లు నిలుస్తాయని అందరికీ తెలుసు. నీళ్ల కింద ఏముందో కనపడదు. బస్టాపు దగ్గర బస్సుకీ ఫుట్‌పాత్‌కీ మధ్య దూరొద్దు. ఆగి ఉన్న కార్ల పక్కన డోరు తెరుచుకునేంత దూరంలో వెళ్లండి. కుక్కలు వెంటపడితే వేగం పెంచకండి. దిగి, సైకిల్ అడ్డం పెట్టుకుని నడవండి. ముందు వెనక లైట్లు, అద్దం, హెల్మెట్ లేకుండా బయల్దేరొద్దు.

బందరుకాలువ

నిదానమే గారూ, ఇది మాత్రం ఒప్పుకుంటాను. లోకల్ తమ్ముడూ, ఏడు లోపే బయల్దేరితే వీటిలో సగం ఉండవు. ఎండాకాలంలో ఎలాగూ అదే టైము. కొల్లూరు మీకు దగ్గరే కదా, అవుటర్ రింగ్ రోడ్డు పక్కన ఉన్న ఆ సైకిల్ ట్రాక్ మీద అలవాటు చేసుకోండి. 2023 అక్టోబరులో తెరిచినప్పుడు మొత్తం 23 కిలోమీటర్లు. నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఒక ముక్క, నానక్‌రాంగూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఇంకో ముక్క. పైన సోలార్ పలకల కప్పు, నీడలో తొక్కొచ్చు.

బరువు గురించి కూడా చెప్పాలి. సైకిల్ ఒక్కదానితో కిలోలు పెద్దగా దిగవు. తొక్కి వచ్చాక ఆకలి దంచేస్తుంది, రెండు గారెలు అదనంగా తింటే లెక్క సరి. నాకు ముందు మారింది నిద్ర, బీపీ. అన్నం తగ్గించాకే కాటా కదిలింది.

లింగంపల్లి_లోకల్

వానలు మొదలయ్యాయి, అందుకే ఇప్పుడు రాయడానికి తీరిక దొరికింది. మామూలు గేరు సైకిలే కొన్నాను. కిందికి ఉండే ఫ్రేము, గట్టి ఫోర్కు, క్యాసెట్ హబ్బు. వెనక 32 స్పోకులే వచ్చాయి. కొనగానే ఆ చక్రం తీయించి కొత్తగా 36 స్పోకుల చక్రం కట్టించాను. కట్టిన పెద్దాయన ప్రతి స్పోకునీ మీటి విని బిగించాడు. ఆ చక్రం మీద ఇంతవరకూ ఒక్క స్పోకు పోలేదు.

ఆఫీసుకి రోజుకి ఒకవైపే తొక్కుతున్నాను, వర్షం ఉంటే బస్సు. యూనివర్సిటీ గోడ పక్కన పొద్దున్నే చెట్ల గాలి చల్లగా ఉంటుంది, అక్కడ మాట్లాడుతూ తొక్కగలుగుతున్నాను. ఫ్లైఓవర్ ఎక్కడం మాత్రం ఇప్పటికీ దిగి నడిపించుకుంటూనే. ఆఫీసు పార్కింగులో మొదట సైకిల్ పెట్టనివ్వలేదు, "టూవీలర్ స్టిక్కర్ లేదు" అన్నారు. ఫెసిలిటీస్ వాళ్లకి మెయిల్ పెట్టి, హెచ్‌ఆర్‌ని కాపీలో పెట్టాక ఒక మూల ఇనుప కడ్డీ బిగించారు. ఇప్పుడు ఆ కడ్డీకి ఇంకో రెండు సైకిళ్లు కనపడుతున్నాయి.

బీపీ తగ్గింది, మాత్ర డోసు తగ్గించాలా అని డాక్టర్ చూస్తున్నారు. బరువు పెద్దగా తగ్గలేదు, దాని గురించి ఇప్పుడు టెన్షన్ పడటం లేదు.

కూకట్‌పల్లి_కొత్త

మొత్తం చదివాను. నేను 141. మీ అందరికంటే ఎక్కువ. అడగడానికే సిగ్గేసింది. షోరూముకి వెళ్లి అందరి ముందు సైకిల్ ఎక్కాలంటే కాళ్లు రావడం లేదు.

తెనాలి_రిమ్ము

141కి అయితే వెనక చక్రం 36 స్పోకులతో చేత్తో కట్టించినదే వాడండి, టైరు వీలైనంత వెడల్పు. కొనేముందు బరువు హద్దు కంపెనీ దగ్గర రాతపూర్వకంగా అడగండి. సీటు కింద గొట్టం మీద గీత ఉంటుంది, అది ఫ్రేము లోపలే ఉండాలి, పైకి కనపడకూడదు. నెలకోసారి బ్రేకు రబ్బర్లు చూసుకోండి, బరువు ఎక్కువైతే త్వరగా అరుగుతాయి. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడు పెడళ్ల మీద నిలబడి సీటు మీంచి కాస్త లేవండి, చక్రానికి పడే దెబ్బ బాగా తగ్గుతుంది.

లింగంపల్లి_లోకల్

అన్నా, షోరూముకి తర్వాత వెళ్దురు గానీ. ఆదివారం పొద్దున ఆరింటికి కొల్లూరు వైపు ట్రాక్ దగ్గరికి రండి. నా సైకిల్ మీద ఎక్కి చూడండి, వెనక చక్రం మీకు సరిపోయేదే. సీటు మీ ఎత్తుకి మార్చడానికి ఎలెన్ కీ తెస్తాను, గాలి గేజీ పెట్టి కొట్టించి ఉంచుతాను. మీ ఎత్తు ఎంతో మెసేజ్ పెట్టండి.

కూకట్‌పల్లి_కొత్త

5 అడుగుల 7. వస్తాను.